మైనంపై నిలిచిన స్వదేశీ స్వరం: కలకత్తా ధ్వనిముద్రకుడు హేమేంద్ర మోహన్ బోస్

కోల్‌కతా: రవీంద్రనాథ్ ఠాగూర్ నడివయసులో స్వయంగా పాడిన వందేమాతరం నేటికీ వినడానికి దొరుకుతుంది. గరగరల మధ్య సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్లుండే ఆ గొంతు కొద్ది నిమిషాల్లోనే ఆగిపోతుంది. వంగ విభజన వ్యతిరేకోద్యమ కాలంలో ఆ పాటను నమోదు చేసింది విదేశీ గ్రామఫోన్ కంపెనీ కాదు. తలనూనెలు, అత్తర్లు అమ్మి పేరు తెచ్చుకున్న ఒక బెంగాలీ వ్యాపారి, సొంత యంత్రాలతో, సొంత పేరు మీద ఆ పని చేశారు. ఆయనే హేమేంద్ర మోహన్ బోస్. ఆనాటి కలకత్తాకు ఆయన ‘హెచ్. బోస్’గా సుపరిచితులు. భారతీయుల యాజమాన్యంలో సాగిన తొలి ధ్వనిముద్రణ సంస్థల్లో ఆయనది అగ్రస్థానం. అంతటి కృషిలో నేటికి మిగిలింది అతి స్వల్పం. ఆ గొంతులు ఎలా పుట్టాయో, ఎందుకు నిలవలేకపోయాయో చెప్పేదే ఆయన జీవితకథ.

వైద్య విద్య నుంచి వాణిజ్యానికి

1860ల మధ్యకాలంలో తూర్పు బెంగాల్‌లోని మైమన్‌సింగ్ ప్రాంతానికి చెందిన విద్యావంతుల కుటుంబంలో హేమేంద్ర మోహన్ జన్మించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రాంగ్లర్ గౌరవం పొందిన తొలి భారతీయుడు, 1898లో మద్రాసు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన ఆనంద మోహన్ బోస్ ఆయనకు పినతండ్రి. వైద్యుడు కావాలని కలకత్తాకు వచ్చిన హేమేంద్ర మోహన్‌కు ప్రయోగశాలలో జరిగిన ప్రమాదం అడ్డుపడింది. రసాయనం పడి కళ్లకు గాయమైంది. చాలాకాలం చికిత్స పొందవలసి రావడంతో వైద్య విద్య అంతటితో ఆగిపోయింది.

చదువు ఆగినా రసాయన శాస్త్రంపై ఆసక్తి సడలలేదు. 1890ల ఆరంభంలో ఆయన సుగంధ ద్రవ్యాల తయారీ చేపట్టారు. ‘కుంతలీన్’ తలనూనె, ‘దెల్‌ఖోష్’ అత్తరు, తాంబూలంలో వేసుకునే ‘తాంబూలీన్’ బెంగాలీ ఇళ్లలో స్థానం సంపాదించాయి. సరుకు తయారీతో పాటు దానికి ప్రచారం కల్పించే విద్య కూడా ఆయనకు బాగా తెలుసు. 1896లో ‘కుంతలీన్ పురస్కారం’ పేరిట కథల పోటీని ప్రారంభించారు. కుంతలీన్ లేదా దెల్‌ఖోష్ ప్రస్తావన కథలో రావాలి, అయితే అది ప్రకటనలా కనిపించకూడదన్నది నియమం. తొలి ఏడాది బహుమతి పొందిన కథలో సముద్రంపై చెలరేగిన తుపాను ఒక సీసాడు తలనూనెతో శాంతిస్తుంది. పేరు చెప్పకుండా ఆ కథ రాసినవారు విఖ్యాత శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్. బెంగాలీలో తొలినాటి వైజ్ఞానిక కల్పనా కథల్లో ఒకటిగా నేడు దానిని లెక్కిస్తున్నారు. తెలుగు పాఠకులు తమవాడిగా చేసుకున్న శరత్ చంద్ర ఛటోపాధ్యాయ సైతం ‘మందిర్’ అనే తొలినాటి కథను బంధువు పేరు మీద ఇదే పోటీకి పంపి బహుమతి గెలుచుకున్నారు. ఆ కథను పోటీకి పంపిన తరువాత ఆయన బర్మాకు పయనమయ్యారు.

సైకిళ్లు, మోటారు కార్లు, అచ్చుయంత్రాలు, ఛాయాచిత్రాలు ఇలా కొత్తగా వచ్చిన ప్రతి యంత్రమూ హేమేంద్ర మోహన్‌ను ఆకర్షించింది. భార్య మృణాళిని సోదరుడు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి చిత్రాల ముద్రణలో నూతన పద్ధతులు కనిపెట్టిన నిపుణుడు. ఉపేంద్రకిశోర్ మనుమడే తదనంతర కాలంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సత్యజిత్ రాయ్. యంత్రం, కళ కలిసి నడిచిన ఆ ఉమ్మడి వాతావరణంలోకే థామస్ ఎడిసన్ ఫొనోగ్రాఫ్ ప్రవేశించింది.

1902 నాటి మలుపు

అప్పటికి ధ్వనిముద్రణలో రెండు పద్ధతులు పోటీ పడుతున్నాయి. మొదటిది ఎడిసన్ 1877లో ఆవిష్కరించిన ఫొనోగ్రాఫ్. తొలుత తగరపు రేకు చుట్టిన స్తూపంపై నమోదు చేసిన ధ్వనిని కొన్నేళ్లకు మైనపు సిలిండర్లపై నమోదు చేయసాగారు. రెండవది 1887లో ఎమిల్ బెర్లినర్ రూపొందించిన గ్రామఫోన్. ఇది పళ్లెం ఆకారంలోని రికార్డుపై పనిచేస్తుంది.

భారతదేశంలో రెండవ పద్ధతికి పునాది కలకత్తాలోనే పడింది. లండన్‌కు చెందిన గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీ తరఫున ఫ్రెడరిక్ విలియం గైస్‌బర్గ్ అనే యువ నిపుణుడు 1902 శరదృతువులో ఓడ దిగారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇటలీలోని మిలాన్‌లో ఎన్రికో కరూసో గొంతును రికార్డు చేసి సంచలనం సృష్టించిన వ్యక్తి ఆయన. నవంబరులో కలకత్తాలో తాత్కాలికంగా స్టూడియో నెలకొల్పి, మొదట క్లాసిక్ థియేటర్‌కు చెందిన శశిముఖి, ఫణిబాల అనే యువతుల పాటలను, తదుపరి కొద్ది రోజుల్లోనే సుప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ గానాన్ని నమోదు చేశారు. సుమారు ఆరు వారాల్లో ఆయన బృందం 500కు పైగా రికార్డింగులు పూర్తిచేసింది.

అయితే ఆ పాటలు శ్రోతలకు చేరాలంటే సముద్రం దాటవలసిందే. మూల ఫలకాలను జర్మనీలోని హనోవర్‌కు పంపి, అక్కడ రికార్డులుగా అచ్చొత్తి, తిరిగి ఓడల్లో భారతదేశానికి తెచ్చేవారు. రికార్డు తయారీలో కీలకమైన లక్క ప్రధానంగా భారతదేశపు అడవుల నుంచే ఎగుమతి అయ్యేది. లక్క మనది, గొంతు మనది. వాటిని పాటగా మలిచి అమ్మే అధికారం మాత్రం విదేశీ కంపెనీది.

సిలిండర్‌ను ఎందుకు ఎంచుకున్నారు?

హేమేంద్ర మోహన్ సిలిండర్ వైపు మొగ్గడంలోని ఔచిత్యం ఇక్కడే బోధపడుతుంది. గ్రామఫోన్ కొన్నవారు పాట వినగలరే తప్ప కొత్త పాటను నమోదు చేయలేరు. రికార్డింగ్ యంత్రాలనూ, మూల ఫలకం నుంచి లోహపు అచ్చు తీసే విధానాన్నీ కంపెనీలు తమ చేతుల్లోనే ఉంచుకున్నాయి. ఫొనోగ్రాఫ్ తీరు వేరు. వినిపించే భాగాన్ని తీసి నమోదు చేసే భాగాన్ని అమర్చుకుంటే అదే యంత్రం రికార్డింగ్ సాధనంగా మారిపోతుంది. పాత నమోదును పైపైన చెక్కివేసి అదే సిలిండర్‌ను మళ్లీ వాడుకోవచ్చు. విదేశీ కర్మాగారం అవసరం లేకుండానే కలకత్తాలో పాడిన పాటను కలకత్తాలోనే వినిపించే వీలు దానివల్ల కలిగింది.

అది విద్యుత్ మైక్రోఫోన్లు లేని కాలం. గాయకుడు పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి బిగ్గరగా పాడాలి. ఆ శబ్దానికి గొట్టం చివర ఉన్న పలుచని పొర కంపిస్తుంది. దానికి అమర్చిన మొన, తిరుగుతున్న మైనపు సిలిండర్‌పై లోతు మారుతూ సాగే సన్నని గాడిని గీస్తుంది. ధ్వనిని పెంచడానికీ, తగ్గించడానికీ మార్గం లేదు. గాయకుణ్ని గొట్టానికి ఎంత దూరంలో నిలబెట్టాలి, వాద్యాలను ఏ మూలన ఉంచాలి, మైనం ఎంత మెత్తగా ఉండాలి అన్న నిర్ణయాలపైనే ఫలితం ఆధారపడేది. స్వరం మంద్రమైతే గాడి పడదు. గట్టిగా అరిస్తే మొన ఎగిరి శబ్దం చిట్లుతుంది. సాధారణ సిలిండర్‌పై పట్టేది సుమారు రెండు నిమిషాల పాట మాత్రమే. గంటల తరబడి సాగే సంగీత సంప్రదాయాన్ని ఆ రెండు నిమిషాల్లో ఇమడ్చడం గాయకుడికీ, ధ్వనిముద్రకుడికీ కూడా పరీక్షే. ఆ రోజుల్లో సౌండ్ ఇంజినీరు పనితనమంతా చెవిలోనూ, చేతివేళ్లలోనూ, అనుభవంలోనూ ఉండేది.

ఫొనోగ్రాఫ్‌ను వినోద వస్తువుగా మొదలుపెట్టిన హేమేంద్ర మోహన్ క్రమంగా దానిని వృత్తిగా మార్చుకున్నారు. 1906 నాటికి ధర్మతల వీధిలోని మార్బుల్ హౌస్‌లో ‘ది టాకింగ్ మెషీన్ హాల్’ పేరిట ఆయన దుకాణం నడుస్తోంది. యంత్రాలతో పాటు తాము స్వయంగా నమోదు చేసిన సిలిండర్లను ‘హెచ్. బోసెస్ రికార్డ్స్’ పేరిట విక్రయించేవారు. మాట్లాడే యంత్రాన్ని అమ్మినవారు నగరంలో మరికొందరు ఉన్నారు. ఆ యంత్రం ఏం మాట్లాడాలో కూడా నిర్ణయించడమే ఆయన ప్రత్యేకత.

విభజన గాయం, స్వదేశీ గానం

1905లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చారు. ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్ సభ విదేశీ వస్తు బహిష్కరణకు పిలుపునిచ్చింది. విభజన అమల్లోకి వచ్చిన అక్టోబరు 16న నగర ప్రజలు ఒకరికొకరు రాఖీలు కట్టుకున్నారు. ఆనాడు తీవ్ర అస్వస్థతలో ఉన్న ఆనంద మోహన్ బోస్‌ను మోసుకుని తెచ్చి ఫెడరేషన్ హాల్‌కు శంకుస్థాపన చేయించారు. ఉద్యమం హేమేంద్ర మోహన్‌కు దూరపు వార్త కాదు, సొంత ఇంటి సంగతి. ఆనాటి నిరసన దృశ్యాలను ఆయన స్టీరియోస్కోపిక్ ఛాయాచిత్రాలుగా నమోదు చేశారు.

ఉద్యమానికి పాటే ప్రాణవాయువైంది. రవీంద్రుడు ఆ నెలల్లో వరుసగా దేశభక్తి గీతాలు రాశారు. వాటిని కాగితంపై అచ్చువేస్తే చదువుకున్నవారికే చేరతాయి, ఊరేగింపులో పాడితే ఆ వీధికే పరిమితమవుతాయి. సిలిండర్‌పై నమోదైన పాట మాత్రం చదువుతో నిమిత్తం లేకుండా, పాడినవారు ఎదుట లేకపోయినా, యంత్రం ఉన్న ప్రతి ఇంటా వినిపిస్తుంది. హేమేంద్ర మోహన్ ఈ శక్తిని గ్రహించారు. రవీంద్రనాథ్ ఠాగూర్, ద్విజేంద్రలాల్ రాయ్ వంటి కవులు రాసిన పాటలను వారి గొంతులతోనే పాడించి రికార్డు చేశారు.

వందేమాతరం పాడటం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. తూర్పు బెంగాల్‌లో ఆ నినాదాన్నే ప్రభుత్వం నిషేధించింది. 1906 ఏప్రిల్‌లో బారిసాల్ ప్రాంతీయ సభకు తరలివచ్చిన ప్రతినిధులపై ఆ నినాదం కారణంగానే పోలీసులు లాఠీలు ఝుళిపించారు. అటువంటి సమయంలో ఆ గీతాన్ని నమోదు చేసి, వ్యాపార నామంతో సహా బహిరంగంగా అమ్మకానికి పెట్టడం వ్యాపార సాహసమే కాదు, రాజకీయ ప్రకటన కూడా.

ఆ గీతపు అలలు తెలుగు నేలనూ తాకాయి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం నుంచి మచిలీపట్నం వరకు పర్యటించారు. రాజమహేంద్రవరంలో ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి అనువదించారు. వందేమాతరం బిళ్లలు ధరించి తరగతులకు హాజరైన విద్యార్థులు బహిష్కరణకు గురయ్యారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు. అటు కలకత్తాలో ఆ గీతం మైనంపైకి ఎక్కుతున్న రోజుల్లోనే ఇటు గోదావరి తీరంలో అది యువకుల చదువులను బలి తీసుకుంది.

నకళ్ల చిక్కుముడి

సిలిండర్‌కు స్వేచ్ఛనిచ్చిన గుణమే దాని బలహీనత కూడా అయింది. పళ్లెం ఆకారపు రికార్డుకు లోహపు అచ్చు ఒకటి తయారైతే, దాని నుంచి వేల ప్రతులను కాగితంపై ముద్ర వేసినంత తేలికగా తీయవచ్చు. సిలిండర్‌కు ఆ సౌలభ్యం లేదు. తొలినాళ్లలో ఎక్కువ ప్రతులు కావాలంటే గాయకుడు అదే పాటను మళ్లీ మళ్లీ పాడాలి, లేదా ఒక సిలిండర్‌ను వినిపిస్తూ మరొకదానిపై గాడి గీయాలి. నకలు తీసిన ప్రతిసారీ మూలం అరుగుతుంది, ధ్వని పలుచనవుతుంది. అమెరికాలో అచ్చుపోసిన సిలిండర్లు అప్పటికే వచ్చినా, వాటికి కావలసిన కర్మాగారం కలకత్తాలో లేదు.

వాతావరణమూ శత్రువే. ఎండకు మైనం మెత్తబడుతుంది. బెంగాల్ వానాకాలపు తేమకు బూజు పట్టి, గాడులను తినివేస్తుంది. చేయి జారితే సిలిండర్ ముక్కలవుతుంది. అల్మారాలో ఒకదానిపై ఒకటి పేర్చి దాచుకోగల పళ్లెం రికార్డుల ముందు ఇవి ఎంతో సున్నితం.

పరిష్కారం కోసం హేమేంద్ర మోహన్ ఫ్రాన్స్‌కు చెందిన పాథే సంస్థతో చేతులు కలిపారు. సిలిండర్‌పై ఉన్న ధ్వనిని పళ్లెం రికార్డుపైకి మార్చే సాంకేతికత ఆ సంస్థ సొంతం. ఆ విధంగా బోస్ సిలిండర్లలో కొన్ని ‘పాథే-హెచ్. బోస్ రికార్డ్స్’గా అవతరించాయి. స్వదేశీ గీతం పది కాలాలపాటు నిలవాలంటే ఐరోపా కర్మాగారాన్ని ఆశ్రయించక తప్పని పరిస్థితి అది. దానిని ఆదర్శ భంగంగా చూసేవారు ఉండవచ్చు. కానీ ఆ అడుగే వేయకపోతే రవీంద్రుని నాటి గొంతు మనకు దక్కేది కాదు.

అయినా పోటీ సమాన స్థాయిలో లేదు. పాథే రికార్డులలో గాడి నిలువు లోతుగా ఉంటుంది. వాటిని వినడానికి మామూలు సూది పనికిరాదు, నీలమణి మొన ఉన్న ప్రత్యేక యంత్రం కావాలి. ఇంట్లో గ్రామఫోన్ ఉన్నవారు వాటిని వినలేరు. మరోవైపు గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం ప్రారంభించింది. పాటలు ఇక జర్మనీ వెళ్లనవసరం లేకుండా పోయింది. ధర తగ్గింది, సరఫరా పెరిగింది. 1911లో విభజన రద్దు కావడంతో స్వదేశీ ఉద్వేగం కూడా చల్లబడింది. సిలిండర్ల వ్యాపారం చరిత్ర పుటల్లోకి జారుకుంది.

తరువాతి తరం అందుకున్న శ్రుతి

ధ్వనిముద్రణ వెనకపట్టు పట్టినా ఆయన ప్రయోగాలు ఆగలేదు. ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు 1907లో విపణిలోకి తెచ్చిన ఆటోక్రోమ్ ఫలకాలతో రంగుల ఛాయాచిత్రాలు తీసిన తొలి భారతీయుల్లో ఆయన ఒకరు. 1916లో, యాభై ఏళ్లు దాటిన కొద్ది కాలానికే హేమేంద్ర మోహన్ కన్నుమూశారు.

యంత్రాలతో నిండిన ఆ ఇంట్లో పెరిగిన సంతానం తండ్రి ఆసక్తులను తలా కొంత పంచుకుంది. మాలతీ ఘోషాల్ రవీంద్ర సంగీత గాయనిగా, కార్తీక్ బోస్ క్రికెటర్‌గా, శిక్షకుడిగా పేరు పొందారు. నితిన్ బోస్ ఛాయాగ్రాహకుడై, అనంతరం దర్శకుడై దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. ముకుల్ బోస్ తండ్రి విడిచిన పనినే అందుకుని, కలకత్తాలోని న్యూ థియేటర్స్‌లో సౌండ్ ఇంజినీరుగా స్థిరపడ్డారు.

టాకీలు వచ్చిన కొత్తలో నటులే కెమెరా ముందు నిలబడి పాడాలి. చెట్టు చాటునో, పూలకుండీ వెనుకనో మైక్రోఫోన్ దాచేవారు. వాద్యకారులు తెర పక్కన నక్కి వాయించేవారు. 1935లో బెంగాలీలో ‘భాగ్యచక్ర’గా, హిందీలో ‘ధూప్ ఛావ్’గా నితిన్ బోస్ తీసిన చిత్రంలో ఈ పద్ధతి మారింది. పాటను ముందుగా విడిగా రికార్డు చేసి, చిత్రీకరణ సమయంలో దానిని వినిపిస్తూ నటులు పెదవులు కదిపే ఏర్పాటు చేశారు. గ్రామఫోన్‌లో వస్తున్న పాటతో శ్రుతి కలిపి పంకజ్ మల్లిక్ పాడుతుండగా చూసిన నితిన్ బోస్‌కు ఈ ఆలోచన తట్టిందని చిత్రసీమలో ప్రచారంలో ఉంది. ఆలోచనకు సాంకేతిక రూపమిచ్చిన వ్యక్తి ముకుల్ బోస్. సంగీత దర్శకుడు రాయ్‌చంద్ బొరాల్ తండ్రి లాల్‌చంద్ బొరాల్ కూడా తొలినాటి రికార్డుల గాయకుడే కావడం మరో విశేషం. భారతీయ సినిమా నేపథ్యగానానికి ఆ చిత్రమే నాంది అని చరిత్రకారులు పేర్కొంటారు.

తెలుగు సినిమాకూ ఆ నగరంతో దగ్గరి సంబంధం ఉంది. సి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన 1933 నాటి ‘సతీ సావిత్రి’, 1934 నాటి ‘లవకుశ’ కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ నిర్మాణంలో రూపుదిద్దుకున్నవే. మద్రాసులో సౌకర్యాలు ఏర్పడకముందు తెలుగు నటీనటులు రైలెక్కి అక్కడికి వెళ్లి, అక్కడి మైక్రోఫోన్ల ముందు పద్యాలు పాడివచ్చారు. ఘంటసాల, పి. సుశీల తరానికి రాజమార్గమైన నేపథ్యగానపు తొలి అడుగులు కూడా ఆ నగరంలోనే పడ్డాయి.

మిగిలినది, పోయినది

హేమేంద్ర మోహన్ నమోదు చేసిన సిలిండర్లలో అత్యధికం కాలగర్భంలో కలిసిపోయాయి. అదే దశాబ్దంలో గైస్‌బర్గ్ నమోదు చేసిన గౌహర్ జాన్ పాటలు అనేకం సేకరణకర్తల వద్ద భద్రంగా ఉన్నాయి. ఈ తేడాకు కారణం ప్రతిభలో లేదు, మాధ్యమంలో ఉంది. వేల ప్రతులుగా అచ్చయిన పాటలో కొన్ని ప్రతులు పగిలినా మరికొన్ని మిగులుతాయి. ఒకటో రెండో ప్రతులున్న పాటకు ఒక్క వానాకాలం చాలు.

నమోదు చేసే సాధనం సొంతమైతే ఏ పాట పాడాలో మనమే నిర్ణయించుకోగలం. ప్రతులు తీసి భద్రపరిచే వ్యవస్థ కూడా సొంతమైతేనే ఆ పాట తరువాతి తరాన్ని చేరుతుంది. హేమేంద్ర మోహన్ బోస్ మొదటిదాన్ని సాధించారు, రెండవదాని కోసం తన శక్తిమేరకు పోరాడారు. ఆకాశవాణి కేంద్రాల పాత టేపులు, నాటక సమాజాల పద్య రికార్డులు, ఇళ్లలో మూలన పడి ఉన్న క్యాసెట్లు తెలుగునాట నేడు అదే స్థితిలో ఉన్నాయి. అయస్కాంత పూత రాలిపోతున్న టేపుకు, బూజు పట్టిన మైనానికి పెద్ద తేడా లేదు. వాటిని సకాలంలో ప్రతులుగా మార్చినప్పుడే అవి నిలుస్తాయి. నూట ఇరవై ఏళ్ల కిందటి రవీంద్రుని గొంతు పాథే పళ్లెం ఎక్కడం వల్లనే ఈనాటి శ్రోత చెవిని చేరుతోంది.